పెనం అంచు మీద రెండు దెబ్బలు

మార్చి 3

మిరియానికి,

బాబాయి ఆశీస్సులు. ముందుగా నా రాత చూసి నవ్వకు. బళ్లో నేర్చుకున్న నాలుగు అక్షరాలూ గిన్నెలు తోమే తొట్టిలో సబ్బు నీళ్లతోపాటే పోయాయి. వరస వంకరగా ఉంటుంది, తప్పులు బోలెడు ఉంటాయి. నువ్వే సరిచేసుకుని చదువుకోవాలి. ఫోను చెయ్యొచ్చుగా అంటావు. నా చెవుల సంగతి నీకు తెలుసు కదా. అన్నేళ్లు ఆ క్యాంటీను కుళాయిల మోత విన్నాక, ఫోనులో ఎవరి మాటైనా నాకు ఈగలు ముసిరినట్టే ఉంటుంది.

ఇక్కడ అందరం బాగున్నాం. అందరం అంటే ఇద్దరమే. చలికాలంలో మీ నాన్నని నా గదికి తెచ్చుకున్నాను. ఆ మూడో అంతస్తు మెట్లు ఇక ఎక్కలేడని. పొయ్యి పక్కన కిటికీ ఉంది కదా, మంచం అక్కడ వేశాను. ఆరోగ్యం బాగానే ఉంది. మాట కాస్త తగ్గింది. కంగారు పడకు.

ఒకటే చిక్కు. తిండి తినడం లేదు. నాకు గిన్నెలు తోమడం వచ్చుగానీ వాటిలో వండటం రాదు. జావ కాస్తాను, దుంపలు ఉడకేస్తాను. పళ్లెం పక్కకి నెట్టేసి గోడ వైపు తిరుగుతాడు. ఆయన చొక్కా బిగించమని దర్జీకి ఇచ్చాను. అది రెండోసారి. అతను కొలత చూసి, "ఇంకోసారి తెచ్చారంటే ఇది పిల్లాడి చొక్కా అవుతుంది పెద్దాయనా" అన్నాడు. అక్కడ నవ్వాను. ఇంటికొచ్చాక నవ్వు రాలేదు.

క్యాంటీన్లో శుక్రవారాలు పంది చాప్స్ చేసేవాడు కదా. తను వండినదాంట్లో ఆయన కూర్చుని తిన్నది అదొక్కటే. అది చేసిపెడితే తింటాడేమోనని నా ఆశ. ఎలా చేసేవాడో నేను ఒక్కనాడూ చూళ్లేదు. ఆయన గోడకి అటు, నేను ఇటు. నా దాకా వచ్చేవి ఖాళీ పెనాలే. నువ్వు పక్కన నిలబడి నేర్చుకున్నదానివి. నానబెట్టడం దగ్గర్నుంచి సాసు దాకా అంతా రాయి. ముఖ్యంగా సాసు. ముక్క వదిలినా సాసు వదిలేవాడు కాదు.

ఇంతకంటే రాయడానికి ఏమీ లేదు.

నీ బాబాయి

*

మార్చి 9

బాబాయ్‌కి,

నీ రాత బాగానే ఉంది. అసలు రాయనివాళ్లకంటే నయం కదా.

ఆయనకి మాట తగ్గిందన్నావు. నాతో ఎప్పుడో తగ్గింది, ఇప్పుడు నీ వంతన్నమాట. కోపమొస్తే వారాలు వారాలు మూతి బిగించుకుని కూర్చునే మనిషి. నువ్వేదో చేసి ఉంటావు. బల్ల మీద చెంచా ఎడమ పక్కన పెట్టావేమో చూసుకో.

"ముఖ్యంగా సాసు" అని రాశావు. ఆ మాట నీదా, ఆయనదా? నిజం చెప్పు బాబాయ్. ఎందుకంటే నువ్వు గోడకి అవతల ఉన్నావు, నీకు తెలీదు. ఆయన పని మానేసే రోజు మేనేజరు వంటగదికి వచ్చి, "మరి ఈ పొయ్యి ఎవరికి అప్పజెబుదాం? మీ అమ్మాయికేనా?" అని అడిగాడు. అందరం ఉన్నాం. నేను చేతులు కూడా తుడుచుకున్నాను, వంటగది తాళంచెవి అందుకోవడానికి. ఈయన ఏప్రన్ విప్పుకుంటూ, "మాంసం దాకా పర్లేదు. సాసు దానికి రాదు" అన్నాడు. అంతే. పొయ్యి ఇంకొకరి చేతికి పోయింది. వచ్చే వారానికల్లా నేను పెట్టె సర్దుకుని ఇక్కడ హాస్టల్లో వంటకి వచ్చేశాను. ఏ సాసు నాకు రాదన్నాడో, ఆ సాసే ఎలా చెయ్యాలో నన్ను అడిగిస్తున్నాడా? బావుంది.

అయినా అడిగింది నువ్వు కాబట్టి రాస్తున్నా.

ఎముక ఉన్న ముక్కలు తీసుకో, బొటనవేలి మందాన. అంచున ఉన్న కొవ్వుకి కత్తితో గాట్లు పెట్టు, లేకపోతే పెనం మీద ముడుచుకుంటాయి. దంచిన వెల్లుల్లి, దంచిన మిరియాలు, ఉప్పు, కాస్త పంచదార, నూనె, ఒక్క చెంచా వెనిగర్. పట్టించి పొద్దున పెడితే మధ్యాహ్నానికి చాలు. ఎక్కువసేపు నానితే మంచిదని తెల్లారేదాకా ఉంచకు, వెనిగర్‌కి మాంసం పిండిపిండిగా అయిపోతుంది. వేసే ముందు వెల్లుల్లి తుడిచెయ్యి, మాడుతుంది. పెనం బాగా కాలాక వెయ్యి. వేశాక కదపకు. ముక్క తనంతట తను పెనాన్ని వదిలినప్పుడు తిప్పు. రెండు పక్కలా అయ్యాక తీసి పళ్లెంలో మూతపెట్టు.

సాసు: అదే పెనంలో ఉల్లిపాయ, నీళ్లు, చివర్న వెన్న, ఒక చుక్క వెనిగర్. అంతే. రానిదాన్ని కదా, ఇంతకంటే ఏం రాయను.

నువ్వు వేళకి తిను.

మిరియం

*

మార్చి 17

మిరియానికి,

ఆశీస్సులు. నీ ఉత్తరం దర్జీ చేత కూడా ఒకసారి చదివించుకున్నాను, కొలతలు తప్పకూడదని. మధ్యలో ఉన్న సంగతి కూడా చదివేశాడు పాపం.

పొయ్యి సంగతి నాకు నిజంగా తెలీదమ్మా. సాసు అన్న మాట నాదే. మీ నాన్న అడగమనలేదు. ఆయన మాట కరుకు, ఒప్పుకుంటాను. మనిషి అలాంటివాడు కాదు. మిగతా వంటవాళ్ల పెనాలు నా దగ్గరికి వచ్చేటప్పుడు అడుగంతా పట్టి, గోళ్లు ఊడేలా గీకాల్సి వచ్చేది. మీ నాన్న పెనం మాత్రం గీకి పంపినట్టు వచ్చేది. ఒక్క మరక కూడా ఉండేది కాదు. తమ్ముడి చేతులు అరిగిపోతాయని ఆయనే గీకి పంపేవాడు. అన్నేళ్లూ. నోటితో ఏనాడూ చెప్పలేదు. అలాంటి మనిషి.

మాంసం కొట్టుకి వెళ్లాను. కొట్టు ఆవిడ నన్ను చూసి, "ఏంటి తాతా, దారి తప్పావా? రొట్టెల కొట్టు అటు" అంది. చాప్స్ కావాలన్నాను.

"పళ్లున్నాయా నమలడానికి?"

"నాకు కాదు. మా అన్నకి."

"ఆయనకున్నాయా?"

"ఆయనకి ఉన్నాయి. బుద్ధే పుట్టడం లేదు" అన్నాను. ఆవిడ మంచి ముక్కలు చూసి కోసింది. గాట్లు కూడా తనే పెట్టిచ్చింది.

అంతా నువ్వు రాసినట్టే చేశాను. ముక్కలు బాగా వచ్చాయి. రంగు తిరిగాయి, గదంతా క్యాంటీను వాసన. మీ నాన్న తల ఇటు తిప్పాడు. ఎన్నాళ్లకో.

సాసు దగ్గర చెడింది. అదే పెనంలోనే చేశాను. తెల్లగా నీళ్లలా వచ్చింది, మన తొట్టిలో చివరి నీళ్లలా. ఉల్లిపాయలు తేలుతూ. మీ నాన్న నేను చేస్తుండగానే చెంచా తీసుకుని మంచం కమ్మీ మీద కొట్టాడు. ఆయనకి అంత కోపం రావడం నేనెప్పుడూ చూళ్లేదు. పళ్లెం పెడితే ముట్టలేదు.

నీ తప్పేం లేదు. నువ్వు రాసింది సరిగ్గానే రాసి ఉంటావు. ఆయనకి నచ్చలేదు, అంతే. ఇంకేమైనా మర్చిపోయావేమో చూసి రాయి.

మాంసం నేను తిన్నాను. బాగుంది.

నీ బాబాయి

*

మార్చి 23

బాబాయ్‌కి,

మర్చిపోయింది ఏమీ లేదు. అదొక్కటే మర్చిపోలేనిది.

చూశావా మరి. మాటతో అన్నది చాలక ఇప్పుడు కమ్మీ మీద మోగించి మరీ చెబుతున్నాడు. నేను ఇంత దూరంలో ఉన్నా నా సాసు ఆయనకి నచ్చలేదు. ఇక్కడ హాస్టల్లో అమ్మాయిలు ఆ సాసు కోసం రొట్టె ముక్కలు దాచుకుని కూర్చుంటారు. "అక్కా, ఇంకో గరిటె" అని పళ్లేలు చాపుతారు. వాళ్లకి నోళ్లు లేవా? పొయ్యి దగ్గర రోజంతా నిలబడి నాకు కాళ్ల నరాలు ఉబ్బిపోయాయి. ఎవరి కోసం ఇదంతా నేర్చుకున్నానో ఆయనకే నచ్చకపోతే, పోనీ.

తిండి మానేసి బెదిరించడం ఆయనకి కొత్త కాదు. అమ్మ ఉన్నప్పుడు కూడా చేసేవాడు. ఆకలేస్తే ఆయనే తింటాడు. నువ్వు బెంగ పెట్టుకుని ఒళ్లు పాడుచేసుకోకు.

ఇక ఈ చాప్స్ సంగతి నన్ను అడగొద్దు బాబాయ్. నీ మీద కోపం లేదు. నీ చేతులకి రాసుకోమని మందు పంపిస్తున్నా, పగుళ్లకి. పడుకునే ముందు రాసుకుని పాత మేజోళ్లు తొడుక్కో చేతులకి.

మిరియం

*

ఏప్రిల్ 2

మిరియానికి,

ఆశీస్సులు. మందు అందింది. చేతులకి మేజోళ్లు తొడుక్కుంటే మీ నాన్న నావైపు అదోలా చూశాడు. నవ్వాడేమో అనుకున్నాను. మూతి ఒక పక్కే కదులుతుంది కాబట్టి సరిగ్గా తెలీదు.

అడగొద్దన్నావు. అడగడం లేదు. జరిగింది చెబుతున్నాను, అంతే.

వారానికోసారి వచ్చే నర్సమ్మ మొన్న వచ్చింది. చొక్కా ఎత్తి చూసి, "ఇలా అయితే ఎన్నాళ్లు?" అంది.

"ఈయనకి ఎవరూ లేరా?"

"కూతురుంది."

"తెలియజేశారా?"

"రాశాను."

"ఏమని రాశారు?"

"బాగానే ఉన్నాడని."

ఆవిడ సంచి సర్దుకోవడం ఆపి నన్ను చూసింది. గట్టిగా మాట్లాడితేనే నాకు వినపడుతుందని ఆవిడకి తెలుసు. అయినా ఏదో తనలో తనే అనుకుంటూ వెళ్లిపోయింది.

అందుకని మళ్లీ చేశాను. ముక్కలు మళ్లీ బాగా వచ్చాయి. మీ నాన్న మళ్లీ తల తిప్పాడు. ఈసారి నేను జాగ్రత్తగా చూశాను, ఎక్కడ కోపం వస్తోందా అని. ముక్కలు వేస్తున్నంతసేపూ ఊరుకున్నాడు. తీసి మూతపెట్టాను, అప్పుడూ ఊరుకున్నాడు. పెనం పట్టుకుని కుళాయి దగ్గరికి తిరిగానా, ఎడమ చేత్తో చెంచా అందుకుని కమ్మీ మీద రెండు కొట్టాడు. ఆగాను. ఏంటన్నయ్యా అన్నాను. నన్ను చూస్తున్నాడు. సరే అని కుళాయి తిప్పాను. మళ్లీ రెండు. సబ్బు వేశాను. మళ్లీ రెండు, ఇంకా గట్టిగా. నేను తోమి, తుడిచి, పొయ్యి మీద పెట్టి చూసేసరికి చెంచా కింద పడేసి గోడకి తిరిగిపోయాడు. కళ్లు మూసుకోలేదు. గోడనే చూస్తున్నాడు.

సాసు మళ్లీ తొట్టి నీళ్లే.

నా చేతిలోనే ఏదో ఉంది. కొందరి చేతికి వంట రాదు. నీ తప్పు కాదని చెప్పడానికే ఇది రాశాను.

నీ బాబాయి

*

ఏప్రిల్ 6

బాబాయ్,

ఉత్తరం అందగానే రాస్తున్నా. మధ్యాహ్నం వడ్డన కూడా వేరేవాళ్లకి అప్పజెప్పి స్టోరు గదిలో కూర్చుని రాస్తున్నా.

ఎడమ చేత్తోనా? నాన్న ఎడమ చేత్తో తలుపు కూడా తియ్యడు. మూతి ఒక పక్కే కదలడమేంటి? నర్సమ్మ ఎందుకు వస్తోంది? మాట తగ్గడం కాదు కదా బాబాయ్, పోయింది కదా? నిజం రాయి. నేను నీమీద అరవను.

ఇప్పుడు ఇది విను. సాసు సరిగ్గా రాకపోవడం నీ చేతి తప్పు కాదు. నువ్వు పెనం కడిగేస్తున్నావు. అడుగున గోధుమరంగు మాడు అంటుకుని ఉంటుందే, అదే సాసు. దాని మీదే ఉల్లిపాయ వేసి, నీళ్లు పోసి, చెక్క గరిటెతో గీకాలి. అదంతా నీళ్లలోకి దిగాలి. అది లేకపోతే ఇక మిగిలేది నీళ్లే. నేను "అదే పెనంలో" అని రాసి ఊరుకున్నాను. కడగొద్దని ఎవరికైనా చెప్పాలని నాకు తట్టలేదు. నువ్వు తోమేవాడివని తట్టాల్సింది.

నాన్నకి కోపం రాలేదు బాబాయ్. క్యాంటీన్లో ముక్కలు తియ్యగానే పెనాలు మోసేవాళ్లు వచ్చి లాక్కుపోతుండేవాళ్లు, మీ తోమే గదికి చేర్చాలని. అందుకని ఆయన పెనం అంచు మీద గరిటెతో రెండు కొట్టేవాడు. ఇది ఇంకా అవలేదు, తీసుకెళ్లకండి అని. వంటగదిలో అందరికీ తెలుసు. గోడకి అవతల ఉన్న నీకే తెలీదు. ఆయన నిన్ను తిట్టలేదు. ఆపాడు. నీకు నేర్పిస్తున్నాడు.

నేనేమో నన్నే తిట్టాడనుకున్నాను.

ఇంకో మాట, రాయడానికి మనసొప్పడం లేదుగానీ రాస్తున్నా. ఆ పెనాలు నీ దగ్గరికి శుభ్రంగా వచ్చేవన్నావు కదా. అది సాసు వల్ల. గీకిందంతా సాసులోకి పోయేది.

నేను వస్తాను. ఇక్కడ పొయ్యి వదిలితే పిల్లలకి తిండి ఉండదు, బదులు మనిషిని వెతుకుతున్నారు. నెలాఖరు లోపు బయల్దేరతాను. నువ్వు బాగానే ఉన్నాడన్నావు కదా, అప్పటిదాకా పర్లేదు కదా? రాయి.

మిరియం

*

ఏప్రిల్ 13

మిరియానికి,

ఆశీస్సులు. నిజం రాయమన్నావు. రాస్తున్నాను.

చలికాలంలో ఒకరోజు పొద్దున గడ్డం గీసుకుంటూ పడిపోయాడు. కుడి పక్కంతా పోయింది. మాట పోయింది. నీకు రాయొద్దని ఆయన చెప్పలేదు, చెప్పడానికి మాటే లేదు. నాకే ఎలా రాయాలో తెలీలేదు. కాగితం మీద "పోయింది" అని పెడితే అది నిజంగా పోయినట్టే అవుతుందనిపించి, తగ్గింది అని పెట్టాను.

నీ ఉత్తరం వచ్చిన రోజే కొట్టుకి వెళ్లాను. కొట్టు ఆవిడ, "మళ్లీనా? ఈసారైనా తింటాడా మీ అన్న?" అంది. ఈసారి పెనం కడగను అన్నాను. ఆవిడ నావైపు ఒక చూపు చూసి, "కడుగుతున్నావా ఇన్నాళ్లూ? అయ్యో నీ అమాయకత్వం తగలెయ్య" అని నెత్తి కొట్టుకుంది. సిగ్గుతో తల దించుకున్నాను. ఆవిడకి కూడా తెలుసన్నమాట. నాకు తప్ప ఊరందరికీ తెలుసు.

ముక్కలు వేశాను. తీశాను. పెనం పట్టుకుని ఉండిపోయాను. చేతులు వాటంతట అవే కుళాయి వైపు వెళుతున్నాయి తల్లీ. అంత అలవాటు. ఎడమ చేత్తో కుడి చేతిని పట్టుకున్నంత పని చేశాను. మీ నాన్న చెంచా ఎత్తి పట్టుకుని ఉన్నాడు, కొట్టడానికి. నేను పెనాన్ని మళ్లీ పొయ్యి మీద పెట్టాను. ఆయన చెంచా దించేశాడు.

ఉల్లిపాయ వేసి నీళ్లు పోశాను. గీకాను. నా జన్మంతా గీకింది పారబొయ్యడానికి, అది మొదటిసారి ఉంచుకోవడానికి గీకడం. నీళ్లు రంగు తిరిగాయి. చివర్న వెన్న, ఒక చుక్క వెనిగర్. వాసన నీకు చెప్పక్కర్లేదు.

ముక్క చిన్నగా కోసి పెట్టినా నమలలేకపోయాడు. అందుకని సాసులో రొట్టె నానబెట్టి పెట్టాను. తిన్నాడు. ఇంకో ముక్క తిన్నాడు. ఇది మిరియం రాసి పంపిన సాసు అన్నయ్యా అన్నాను. ఆగి నన్ను చూశాడు. తర్వాత రొట్టె తన చేతిలోకి తీసుకుని పళ్లెం చుట్టూ తిప్పి తుడిచాడు, మళ్లీ తుడిచాడు. నోరు తిరగదు కాబట్టి బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. నేను నీకు చెప్పగలిగింది ఒకటే. ఆ పళ్లెం నేను కడగక్కర్లేదు. నేను చాలా పళ్లేలు చూశాను.

పెనాల సంగతి రాశావు. ఒక పూట దిగులేసింది. దాచడమెందుకు. తర్వాత అనుకున్నాను, ఎందుకు గీకితేనేం, నా చేతులకి పని తగ్గింది కదా అని.

ఆ తర్వాత సాసు కూడా గొంతు దిగడం లేదు. నర్సమ్మ చూసి, ఇక బలవంతం చెయ్యొద్దంది. నెలాఖరు అన్నావని ఆవిడకి చెప్పాను. ఆవిడ కాలెండరు వైపు చూడకుండానే తల అడ్డంగా ఊపింది.

ఇంకో సంగతి. పెనం కడిగి గోడకి తగిలించేశాను, పొయ్యి మీద ఏమీ లేదు. అయినా మీ నాన్న కమ్మీ మీద కొడుతున్నాడు. నావైపు చూస్తూ రెండు, తలుపు వైపు చూస్తూ రెండు. ఇంకా అవలేదంటున్నాడు. ఏది అవలేదో నాకు తెలీదు. నీకు తెలుస్తుందేమో.

ఇందాక నేను కుళాయి దగ్గర అటు తిరిగి ఉండగా మళ్లీ కొట్టాడు. ఒకటే వినపడింది. తిరిగి చూసేసరికి చెంచా దుప్పటి మీద ఉంది. ఊపిరి ఆడుతోంది, పక్కన కూర్చుని చూస్తూనే రాస్తున్నాను. రెండోది కూడా కొట్టే ఉంటాడు. నా చెవుల సంగతి నీకు తెలుసు కదా.

తప్పులుంటే సరిచేసుకో. వెంటనే జవాబు రాయి. నువ్వే వచ్చేస్తే జవాబు అక్కర్లేదు.

నీ బాబాయి